నగర వీధుల్లో ప్రపంచ రేసు: హుస్సేన్‌సాగర్ తీరం నుంచి దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వరకు నేర్పిన పాఠాలు

ప్రత్యేక వ్యాసం

హైదరాబాదు మహానగరంలో 2023 ఫిబ్రవరి 11వ తేదీన ఫార్ములా-ఇ ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీ జరిగింది. విద్యుత్ కార్లతో నిర్వహించే ఈ అంతర్జాతీయ పోటీకి భారతదేశంలో వేదికైన తొలి నగరం హైదరాబాదు. 2013లో గ్రేటర్ నోయిడాలో జరిగిన ఫార్ములా-1 పోటీ తరువాత మోటారు కార్ల ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీ ఒకటి దేశానికి తిరిగి రావడం కూడా ఇదే మొదటిసారి. అయితే మరుసటి సంవత్సరానికే ఈ పోటీ రద్దయింది. పోటీ నిమిత్తం చెల్లించిన ప్రజాధనం దర్యాప్తు సంస్థల ముందుకు, అక్కడి నుంచి న్యాయస్థానాలకు చేరింది. ఒక అంతర్జాతీయ క్రీడా కార్యక్రమాన్ని నగర వీధుల్లో నిర్వహించేటప్పుడు ఎదురయ్యే సమస్యలను, వాటి కారణాలను, ముఖ్యంగా పోటీ స్థలానికి దూరంగా నివసించే ప్రజలపై పడే భారాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వీధి సర్క్యూట్ అంటే ఏమిటి?

మోటారు కార్ల పందేలకు రెండు రకాల వేదికలున్నాయి. కేవలం పందేల కొరకే నిర్మించిన శాశ్వత సర్క్యూట్‌లు మొదటి రకం. ప్రజలు నిత్యం రాకపోకలు సాగించే రోడ్లను కొన్ని రోజులపాటు మూసివేసి, కాంక్రీటు దిమ్మెలు, ఇనుప కంచెలు అమర్చి తయారుచేసే తాత్కాలిక సర్క్యూట్‌లు రెండవ రకం. ఈ రెండింటి కలయికకు ఫ్రాన్స్‌లోని లీ మాన్ 24 గంటల రేసు ప్రసిద్ధమైన ఉదాహరణ. 1923లో ప్రారంభమైన ఈ పోటీలో వేగంతోపాటు యంత్రం మన్నిక, డ్రైవర్ల ఓర్పు పరీక్షకు నిలుస్తాయి. పదమూడున్నర కిలోమీటర్లకు పైబడిన ఆ సర్క్యూట్‌లో గణనీయమైన భాగం మిగిలిన రోజుల్లో సాధారణ వాహనాలు తిరిగే రహదారే.

1955 జూన్ 11న అదే లీ మాన్‌లో ఒక కారు ప్రేక్షకులపైకి దూసుకుపోగా 80 మందికి పైగా మరణించారు. ఆ దుర్ఘటన అనంతరం స్విట్జర్లాండ్ తన భూభాగంలో సర్క్యూట్ పందేలను నిషేధించింది. దశాబ్దాల తరువాత విద్యుత్ కార్లకు మినహాయింపు లభించడంతో 2018లో జూరిక్ నగరంలో ఫార్ములా-ఇ పోటీ జరిగింది. పొగ వెలువడకపోవడం, శబ్దం తక్కువగా ఉండడం వలన ఈ పోటీలను నగరం నడిబొడ్డున నిర్వహించవచ్చునన్నది నిర్వాహకుల వాదన. 2014లో బీజింగ్‌లో మొదలైన ఫార్ములా-ఇ చాలావరకు వీధి సర్క్యూట్‌లను ఎంచుకోవడానికి ఇదే కారణం. భారతదేశానికి చెందిన మహీంద్రా రేసింగ్ జట్టు తొలి సీజన్ నుంచి ఇందులో పాల్గొంటూ వచ్చింది.

ఫార్ములా-ఇ పోటీ గంటలోపే ముగుస్తుంది. అయినప్పటికీ ఓర్పు పోటీల లక్షణం ఒకటి ఇందులోనూ ఉంది. బ్యాటరీలో ఉన్న విద్యుత్తును పొదుపుగా వాడుకుంటూ, బ్రేకు వేసినప్పుడల్లా కొంత శక్తిని తిరిగి రాబట్టుకుంటూ గమ్యం చేరవలసి ఉంటుంది. చివరి వరకు శక్తిని నిలుపుకొన్నవారికే విజయం దక్కుతుంది.

సన్నాహక పోటీలోనే ఆటంకాలు

ఫార్ములా-ఇ నిర్వహణకు సంబంధించి 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వానికి, నిర్వాహకులకు మధ్య ప్రాథమిక అవగాహన కుదిరింది. అదే సంవత్సరం అక్టోబరు 25న ప్రభుత్వ పురపాలక శాఖ, ఫార్ములా-ఇ సంస్థ, ఒక ప్రైవేటు ప్రమోటరు సంస్థ కలసి నాలుగు సీజన్ల కొరకు త్రైపాక్షిక ఒప్పందం చేసుకున్నాయి.

హుస్సేన్‌సాగర్ తీరాన సచివాలయం, లుంబినీ పార్కు, ఎన్టీఆర్ గార్డెన్స్, నెక్లెస్ రోడ్ పరిసరాలను కలుపుతూ సుమారు 2.8 కిలోమీటర్ల పొడవున 18 మలుపులతో సర్క్యూట్ రూపొందింది. దీనిని పరీక్షించేందుకు 2022 నవంబరు 19, 20 తేదీల్లో ఇండియన్ రేసింగ్ లీగ్ తొలి పోటీలను ఏర్పాటు చేశారు. ప్రమాదాలు, జాప్యం కారణంగా ఆ వారాంతంలో లీగ్ పోటీలు జరగలేదు. టికెట్టు కొని ఎండలో గంటల తరబడి నిరీక్షించిన ప్రేక్షకులు నిరాశతో వెనుదిరిగారు. తిరిగి డిసెంబరు 10, 11 తేదీల్లో లీగ్ చివరి దశ ఇదే సర్క్యూట్‌పై జరిగింది. అంటే మూడు నెలల వ్యవధిలో ఒకే ప్రాంతపు రోడ్లను మూడు పర్యాయాలు మూసివేయవలసి వచ్చింది.

పోటీ విజయవంతం

2023 ఫిబ్రవరి పోటీలో 11 జట్లకు చెందిన 22 మంది డ్రైవర్లు పేర్లు నమోదు చేసుకున్నారు. ఆ వారాంతంలో సాధారణ వాహనాలు ట్రాక్‌పైకి రావడంతో ప్రాక్టీసు ఆలస్యంగా ప్రారంభమైంది. మూసిన రోడ్డుకు, తెరిచిన రోడ్డుకు మధ్య సరిహద్దు వాహనదారులకు స్పష్టంగా తెలియకపోతే ఏమి జరుగుతుందో ఈ ఉదంతం తెలియజేసింది.

ఈ అవాంతరాన్ని మినహాయిస్తే పోటీ ఉత్కంఠభరితంగా సాగింది. ఫ్రాన్స్‌కు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ (డీఎస్ పెన్‌స్కే జట్టు) విజేతగా నిలిచారు. న్యూజీలాండ్‌కు చెందిన నిక్ కాసిడీ అర సెకను కంటే తక్కువ తేడాతో రెండవ స్థానం పొందారు. మూడవ స్థానంలో గమ్యం చేరిన సెబాస్టియన్ బ్యూమీకి జరిమానా పడడంతో ఆ స్థానం ఆంటోనియో ఫెలిక్స్ డా కోస్టాకు లభించింది. జాగ్వార్ జట్టుకు చెందిన రెండు కార్లు ఒకదానినొకటి ఢీకొని పోటీ నుంచి వైదొలిగాయి. ఈ కార్యక్రమం వలన దాదాపు 8.4 కోట్ల డాలర్ల మేర ఆర్థిక ప్రయోజనం చేకూరిందని నిర్వాహకులు ఒక అధ్యయనాన్ని ఉటంకిస్తూ తరువాత ప్రకటించారు.

తూర్పు నగరంపై భారం

పోటీ జరిగింది హుస్సేన్‌సాగర్ తీరాన. దాని ప్రభావం మాత్రం ఆ తీరంతో ఆగిపోలేదు. ఎల్.బి.నగర్ కూడలి అక్కడికి పది కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉంది. విజయవాడ జాతీయ రహదారి, నాగార్జునసాగర్ రోడ్డు నగరంలో ప్రవేశించేది ఈ ప్రాంతం గుండానే. అక్కడి నుంచి కొత్తపేట, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట మీదుగా వచ్చే వాహనాలు నగర కేంద్రానికి చేరాలంటే మూసీ నదిని దాటవలసి ఉంటుంది. ఇందుకు ప్రధానంగా చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ వంతెనలే ఆధారం. నది దాటిన తరువాత కోఠి, అబిడ్స్, అసెంబ్లీ, లక్డీకాపూల్ మార్గాన ఖైరతాబాదుకు, లేదా ట్యాంక్‌బండ్ మీదుగా సికింద్రాబాదుకు వెళ్ళవలసి ఉంటుంది.

పోటీ రోజుల్లో ఖైరతాబాద్, నెక్లెస్ రోడ్, తెలుగుతల్లి కూడలి, ఇక్బాల్ మినార్ పరిసరాలలో వాహనాలను మళ్లించారు. ఆ మార్గాలలో నిలిచిన రద్దీ క్రమంగా వెనుకకు పాకుతుంది. లక్డీకాపూల్ వద్ద ఆగిన బస్సు వెనుక అసెంబ్లీ, అబిడ్స్, కోఠి వరుసగా నిండుతాయి. ప్రత్యామ్నాయ వంతెనలు తక్కువ కావడం వలన తూర్పు నగర ప్రయాణికుడికి దారి మార్చుకునే అవకాశం పరిమితం. దిల్‌సుఖ్‌నగర్‌లోని శిక్షణ సంస్థల విద్యార్థి, ఎల్.బి.నగర్ నుంచి సచివాలయ పరిసరాలకు విధులకు వెళ్ళే చిరుద్యోగి, రోగిని తీసుకొని నగర కేంద్రంలోని ఆసుపత్రికి బయలుదేరిన కుటుంబం రేసు చూడకపోయినా దాని భారాన్ని మోయవలసినవారే.

ఈ ప్రాంతానికి ఉన్న పెద్ద ఊరట మెట్రో రైలు. మియాపూర్–ఎల్.బి.నగర్ కారిడార్‌లో అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్ వరకు గల భాగం 2018 సెప్టెంబరు 24న ప్రారంభమైంది. ఎల్.బి.నగర్, విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్లలో ఎక్కినవారు రైలు మారకుండానే లక్డీకాపూల్, ఖైరతాబాద్ చేరవచ్చు. అక్కడి నుంచి హుస్సేన్‌సాగర్ తీరం కాలినడకన చేరగల దూరంలోనే ఉంది. రోడ్లు మూసివేసే ప్రతి కార్యక్రమానికీ మెట్రోను రవాణా ప్రణాళికలో మొదటి అంశంగా చేర్చవలసిన అవసరాన్ని ఇది సూచిస్తున్నది. అయితే ద్విచక్ర వాహనంపై సరుకు చేరవేసేవారికి, ఆటో నడుపుకొనేవారికి, అంబులెన్సుకు మెట్రో ప్రత్యామ్నాయం కాజాలదన్నది గమనార్హం.

రెండవ పోటీ రద్దు, చెల్లింపుల వివాదం

రెండవ పోటీని 2024 ఫిబ్రవరి 10న నిర్వహించాలని నిర్ణయించారు. ఈలోగా ప్రైవేటు ప్రమోటరు సంస్థ వైదొలగగా, ఆ బాధ్యత హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ)పై పడింది. 2023 అక్టోబరు 30న పురపాలక శాఖకు, ఫార్ములా-ఇ సంస్థకు మధ్య ఆతిథ్య నగర ఒప్పందం కుదిరింది. అప్పటికే రాష్ట్ర శాసనసభ ఎన్నికల ప్రకటన వెలువడి ప్రవర్తనా నియమావళి అమలులో ఉంది. డిసెంబరులో కొత్త ప్రభుత్వం అధికారం చేపట్టింది. ఒప్పందాన్ని నెరవేర్చరాదని ప్రభుత్వం నిర్ణయించిందని పేర్కొంటూ 2024 జనవరి 5న నిర్వాహకులు హైదరాబాదు పోటీని రద్దు చేశారు.

అనంతరం పురపాలక శాఖ ఫిర్యాదుపై అవినీతి నిరోధక శాఖ 2024 డిసెంబరు 19న కేసు నమోదు చేసింది. హెచ్‌ఎండీఏ నిధుల నుంచి మొత్తం రూ.54.88 కోట్లు వెచ్చించారన్నది ఫిర్యాదులోని ప్రధానాంశం. ఇందులో విదేశీ సంస్థకు చెల్లించినది రూ.45.71 కోట్లు, ఆదాయపు పన్ను శాఖకు రూ.8.07 కోట్లు, దేశంలో మోటారు క్రీడలను నియంత్రించే సమాఖ్యకు రూ.1.10 కోట్లు. ఆర్థిక శాఖ సమ్మతి, మంత్రివర్గ ఆమోదం లేకుండా, ఒప్పందంపై సంతకాలకు ముందే విదేశీ కరెన్సీలో చెల్లింపులు జరిగాయని ఆరోపణ. పోటీని నగరం చేజారిపోకుండా నిలుపుకోవడానికే ఈ మొత్తాన్ని బ్యాంకు ద్వారా నేరుగా నిర్వాహకులకు చెల్లించారని, ఎవరికీ వ్యక్తిగత లబ్ధి చేకూరలేదని ఆరోపణలు ఎదుర్కొన్న పక్షం వాదన. కేసు కొట్టివేయాలన్న అభ్యర్థనను రాష్ట్ర హైకోర్టు 2025 జనవరి 7న తిరస్కరించింది. దర్యాప్తు కొనసాగనివ్వడమంటే ఆరోపణలు రుజువైనట్లు కాదు. నేర నిర్ధారణ న్యాయస్థానం పరిధిలోని అంశం.

ఇతర ప్రాంతాల అనుభవాలు

శాశ్వత సర్క్యూట్ ఉన్నంత మాత్రాన సమస్యలు తీరవని గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ అంతర్జాతీయ సర్క్యూట్ చరిత్ర తెలుపుతున్నది. అక్కడ 2011, 2012, 2013 సంవత్సరాలలో మూడు ఫార్ములా-1 పోటీలు జరిగాయి. పన్నులు, కస్టమ్స్ సుంకాలకు సంబంధించిన వివాదాల నడుమ ఆ పోటీ భారతదేశానికి దూరమైంది. ఇవి క్రీడా సంబంధమైన లోపాలు కావు, ముందుగా పరిష్కరించుకోవలసిన పరిపాలనాంశాలు.

పొరుగునే ఉన్న చెన్నై నగరంలో ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ 2023 డిసెంబరులో జరగవలసిన వీధి రేసు మిచౌంగ్ తుపాను వలన వాయిదా పడింది. ప్రజలకు కలిగే అసౌకర్యం, ప్రభుత్వ వ్యయం అంశాలపై మద్రాసు హైకోర్టులో వ్యాజ్యాలు దాఖలయ్యాయి. 2024 ఆగస్టు 31న పోటీలు మొదలుకావలసి ఉండగా, వర్షం కారణంగా ట్రాక్‌కు అంతర్జాతీయ సమాఖ్య ధ్రువీకరణ లభించడంలో జాప్యం జరిగింది. ఎట్టకేలకు అక్కడ రాత్రి వేళ దీపకాంతుల్లో పోటీలు జరిగాయి.

గ్రహించవలసిన అంశాలు

పై అనుభవాలను క్రోడీకరించినప్పుడు అధికార యంత్రాంగానికి ఉపకరించే కొన్ని అంశాలు స్పష్టమవుతాయి.

మొదటిది: రోడ్ల మూసివేత ప్రణాళిక సర్క్యూట్ పరిసరాలకే పరిమితం కారాదు. హుస్సేన్‌సాగర్ వద్ద రోడ్డు మూసినప్పుడు చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ వంతెనల వద్ద, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ కూడళ్ల వద్ద కూడా సూచిక బోర్డులు, అదనపు సిబ్బంది అవసరం. ప్రయాణికుడు వంతెన దాటక ముందే మార్గం ఎంచుకోగలగాలి.

రెండవది: అంబులెన్సులకు, అగ్నిమాపక వాహనాలకు ప్రత్యేక మార్గాన్ని ముందుగానే నిర్ణయించి ప్రకటించాలి.

మూడవది: ప్రయోగాత్మక పోటీని ప్రధాన కార్యక్రమానికి చాలినంత ముందుగా జరిపి, వెల్లడైన లోపాలను సరిదిద్దిన పిదపనే టికెట్లు విక్రయించాలి.

నాలుగవది: ప్రమోటరు తప్పుకుంటే ఆర్థిక బాధ్యత ఎవరిదన్నది తొలి ఒప్పందంలోనే స్పష్టంగా ఉండాలి. మంత్రివర్గ ఆమోదం, ఆర్థిక శాఖ సమ్మతి, ఒప్పందంపై సంతకాలు, ఆ తరువాతనే చెల్లింపు అన్న క్రమాన్ని పాటించినప్పుడు ప్రభుత్వాలు మారినా వివాదానికి తావుండదు.

ఐదవది: ఆర్థిక ప్రయోజనాన్ని అంచనా వేసేటప్పుడు హోటళ్లు, విమాన టికెట్ల ఆదాయంతోపాటు ప్రజలు కోల్పోయిన పని గంటలను, చిరువ్యాపారుల నష్టాన్ని కూడా లెక్కించాలి.

రేసు కొరకు మూసిన ప్రతి రోడ్డూ ప్రజల సొత్తు. నిర్వాహకులు దానిని కొద్ది రోజులకు అరువు తీసుకుంటారు. వెర్న్ విజయం నగరానికి గౌరవం తెచ్చిన సంగతి వాస్తవం. అంతర్జాతీయ పోటీని నిర్వహించగల సాంకేతిక సామర్థ్యం హైదరాబాదుకు ఉన్నదని ఆ రోజు రుజువైంది. ఎల్.బి.నగర్‌లో బస్సు ఎక్కిన ప్రయాణికుడు పోటీ నాడు కూడా సకాలంలో గమ్యం చేరేలా, వెచ్చించిన ప్రతి రూపాయికీ ఫైలులో సమాధానం ఉండేలా ఏర్పాట్లు చేయగలిగిన నాడే ఆ సామర్థ్యం సంపూర్ణమవుతుంది.