తలకు దెబ్బ తగిలాక వాసన పోయిందా? పనిలోకి వెళ్లే ముందు ఇవి చూసుకోండి

బైక్ మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలితే అందరి ధ్యాసా కుట్ల మీద, స్కాన్ మీదే ఉంటుంది. ఇంటికొచ్చిన పది రోజులకు మనిషి "సాలన్‌లో రుచే లేదు" అంటాడు. మందుల వల్లేమో అనుకుని ఊరుకుంటాం. చాలాసార్లు పోయింది రుచి కాదు, వాసన. ఉప్పు, పులుపు, తీపి, చేదు నాలుకకు తెలుస్తూనే ఉంటాయి. బిర్యానీలో పుదీనా, దమ్ ఘుమఘుమ మాత్రం ముక్కు చూసుకునే పని.

ముక్కు పైన జల్లెడలాంటి పలుచటి ఎముక ఉంటుంది. వాసన నరాల సన్నటి పోగులు ఆ రంధ్రాల్లోంచే మెదడుకు వెళ్తాయి. తల ఒక్కసారిగా ఊగితే, ముఖ్యంగా వెల్లకిలా పడితే, అవి తెగొచ్చు. స్కాన్ నార్మల్‌గా వచ్చినా సరే. అన్నట్టు, దెబ్బ తర్వాత ముక్కులోంచి నీళ్లలా కారుతుంటే జలుబనుకోకండి. మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఇక పని సంగతి. వాసన నరాల పక్కనే మెదడు ముందు భాగం ఉంటుంది. కోపం ఆపుకోవడం, పనిని వరుసగా చేసుకుపోవడం దాని చేతిలోనే ఉంటాయి. అందుకే వాసన పోయినవాళ్లలో కొందరు దుకాణంలో గిరాకీల మీద అరుస్తారు, లెక్కలు సగంలో వదిలేస్తారు. ఇంట్లో "బద్ధకం", "పొగరు" అంటారు. నిజానికి అది దెబ్బ ప్రభావం కావచ్చు. తనలో మార్పు తనకే తెలియకపోవచ్చు కాబట్టి న్యూరాలజిస్టుకు భార్యో, అన్నదమ్ములో చెప్పాలి. మొదట్లో సగం పూట పని చాలు. డాక్టర్ సరే అనేదాకా డ్రైవింగ్, నిచ్చెనలు వద్దు.

దావత్‌లకు వండే మాస్టరైతే మసాలా మాడిందా, పాలు విరిగాయా అని చూడటానికి ముక్కు పనిచేసే మనిషి పక్కన ఉండాలి. అత్తరు వ్యాపారికి కష్టం ఇంకా ఎక్కువ. వంట గ్యాస్‌లో కలిపే ఘాటు వాసన కూడా వీళ్లకు తెలియదు. ఇంట్లో గ్యాస్ డిటెక్టర్ పెట్టించండి, లీకేజీకి 1906 నంబర్ గుర్తుంచుకోండి.

కొందరికి నెలల్లో, ఏడాదిలోపు కొంత తిరిగొస్తుంది. కొందరికి రాదు. ఈఎన్‌టీ డాక్టర్లు చెప్పే సాధన తేలికే: గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం, రోజుకు రెండుసార్లు, ఒక్కోటి పదిహేను సెకన్లు, కనీసం మూడు నెలలు. ప్రమాద పరిహారం కేసు ఉంటే వాసన పోయిన సంగతి మెడికల్ రికార్డులో రాయించుకోండి, తర్వాత నోటిమాటగా చెబితే నిలబడటం కష్టం.