మొదలు చూసేదొకటి, మొవ్వదాకా ఎక్కేదొకటి

చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేటు. మొత్తం 16 వరసలు! సంక్రాంతికి ఊళ్లకు పోయే కార్లు పోటెత్తితే అందులో 10 విజయవాడ వైపే తెరుస్తారు. ఒక్కచోట కిక్కిరిసిన బండ్లను పలు గేట్లకు పంచడం. వెబ్ సర్వర్ల లోకంలో ఈ పనికే లోడ్ బ్యాలెన్సింగ్ అని పేరు.

అతి పొదుపైన చూపు నెట్‌వర్క్ స్థాయి బ్యాలెన్సర్‌ది. నిండు డేటా ప్యాకెట్ సాధారణంగా 1,500 బైట్లు. ఇది చూసేది మొదటి 40 బైట్లే: ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ పోర్టుకు. ప్యాకెట్ 75 అడుగుల తాటిచెట్టయితే, చూసేది మొదట్లో రెండడుగులు! ఫాస్టాగ్ చదివి గేటెత్తినట్టే. డిక్కీలో సకినాలున్నాయో అరిసెలున్నాయో అడగదు.

అతి నిశితమైన చూపు అప్లికేషన్ స్థాయిది. మోకు వేసుకొని మొవ్వదాకా ఎక్కుతుంది. ఏ పేజీ అడిగారు, కుకీలో ఏముంది, అన్నీ చదువుతుంది. బొమ్మలడిగితే ఒక సర్వర్‌కు, డబ్బు కట్టే పేజీ అడిగితే మరో సర్వర్‌కు పంపుతుంది. ఈ తెలివి మొదటిదానికి ఎంత వేగమున్నా రాదు. ఎక్కే శ్రమా తక్కువేం కాదు: తాళం వేసి వచ్చిన సమాచారాన్ని విప్పాలి, అటు బ్రౌజర్‌తో ఒకటి, ఇటు సర్వర్‌తో ఒకటి, రెండు కనెక్షన్లు పట్టుకోవాలి.

పాత పద్ధతుల్లో ఒకటి, సైటు పేరు చెబితే చిరునామా ఇచ్చే డీఎన్ఎస్‌లోని వంతుల పద్ధతి: ఒక్కొక్కరికి ఒక్కో సర్వర్ చిరునామా. 1995 నాటి ఒక ఇంటర్నెట్ సాంకేతిక పత్రంలోనే ఉంది. సర్వర్ పడిపోయినా, వంతు రాగానే దాని చిరునామా ఇస్తూనే ఉంటుంది, మూసిన గేటుకు కార్లు తోలినట్టు!

మొవ్వదాకా ఎక్కేది నిదానమే అనుకుంటున్నారా? 2021లో హెచ్ఏప్రాక్సీ అనే అప్లికేషన్ స్థాయి బ్యాలెన్సర్ ఒక్క యంత్రం మీద సెకనుకు 20 లక్షలకు పైగా అభ్యర్థనలు దాటించింది. 2011 లెక్కల ప్రకారం తెలంగాణ జనాభా మూడున్నర కోట్లు. అందరూ ఒక్కోసారి నొక్కితే 18 సెకన్లలో పని ఖతం!

ఇలా పంచక తప్పని భారీ గుంపు 2023 నవంబర్ 19ది. క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకేసారి చూసినవారు 5.9 కోట్లు. ఆ తెలంగాణ జనాభాకు ఒకటిన్నర రెట్ల పైమాట!

పెద్ద సైట్లు చాలావరకు రెండింటినీ వాడతాయి. ముందు నెట్‌వర్క్ కాపలా, వెనక అప్లికేషన్ పరిశీలన. నాకైతే ఈ జోడీయే అసలు విజేత. 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లో మొదలైన అమెజాన్ క్లౌడ్‌లో రెండూ అద్దెకు దొరుకుతాయి. చౌటుప్పల్ నుంచి హైదరాబాద్‌కు సుమారు 50 కిలోమీటర్లు. బస్సుకు గంట పైమాటే, గాజు తీగలో వెలుగుకు సెకనులో నాలుగు వేలవ వంతు!