తల్లి నేర్పిన సంగీతము

సాళువ నరసింహుఁడు అన్నమాచార్యులను పెనుకొండకు రావించి తనమీఁదఁ బదములు చెప్పుమని కోరెననియు, ఆయన యొల్లక సంకెలల పాలయ్యెననియు మనుమఁడు చిన్నన్న రచించిన చరిత్రమునఁ గలదు. ఆ భక్తుని సంకీర్తనములు తిరుమలలో రాగిరేకులమీఁద నిలిచినవి. కాని వానియందు రాగముల పేళ్లేకాని స్వరములు లేవు. సాహిత్యము దక్కెను, పాడు వరుస మఱుగుపడెను.

ఆ పాటలకు మరల స్వరము కూర్చిన విద్వాంసులలో మన సీమవారే యొకరు గలరు. వారు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు. 1893లో అనంతపురము జిల్లా రాళ్లపల్లి గ్రామమున జన్మించిరి. తండ్రి కృష్ణమాచార్యులుగారు తెనుఁగు, సంస్కృతములు చెప్పిరి. సంగీతమునకుఁ దొలిగురువు తల్లి అలమేలుమంగమ్మగారు. పిదప మైసూరున బిడారము కృష్ణప్పగారివద్ద ఆ విద్యకు మెఱుఁగు పెట్టుకొనిరి. 1912 మొదలు ముప్పదేండ్లకుఁ బైగా అచ్చటి మహారాజా కళాశాలలో ఆంధ్రపండితులుగా నుండిరి. కుటుంబమును బోషించినది పాండిత్యమైనను సంగీతసాధన విడువలేదు. ఉద్యోగము విరమించి 1950లోఁ దిరుపతి చేరి, అన్నమాచార్యుల పాటలను స్వరపఱచి ప్రకటించిరి. 1974లో మదరాసు సంగీత విద్వత్సభవారు "సంగీత కళానిధి" బిరుద మొసఁగిరి. 1979లోఁ బరమపదించిరి.

సోదరీమణులారా! హిందూపురము, ధర్మవరము ప్రాంతముల యిండ్లలోని లాలిపాటలును, మంగళహారతులును పెద్దవారి కంఠములందే యున్నవి. పదములను మాత్రము పుస్తకమునకెక్కించినఁ జాలదు. వారుండఁగనే వరుసయు నేర్చి, బిడ్డలకు నేర్పుదము. ఆ తల్లి చేసిన పని యిదియే.