మినీ లారీ ముందు షాకబ్జార్లను మార్చడం

పరిచయం

ఢిల్లీలో ఐఐటీకి, జేఎన్‌యూ పాత ప్రాంగణానికి దగ్గరలో బేర్ సరాయ్ ఉంది. సరాయ్ అంటే బాటసారులు బస చేసే చోటు. నేడు అది అద్దె గదులు, పుస్తకాల దుకాణాలు, ఇరుకు సందులు ఉన్న బస్తీ. పోటీ పరీక్షలకు చదువుకోవడానికి ఢిల్లీ వెళ్ళిన ఎందరో తెలుగు విద్యార్థులకు ఈ పేరు తెలుసు. ఇలాంటి బస్తీలకు సామాను చేరవేయడానికి టాటా 407 వంటి చిన్న లారీలు ఉపయోగపడతాయి. గుంతలు, స్పీడ్ బ్రేకర్లు దాటీ దాటీ వీటి ముందు షాకబ్జార్లు అరుగుతాయి. బండి ఒక రోజు ఆగితే ఆ రోజు కిరాయి పోతుంది. అందుకే కొందరు డ్రైవర్లు ఈ పనిని ఇంటి దగ్గరే చేసుకుంటారు.

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• షాకబ్జారు చేసే పనిని వివరించగలుగుతారు.
• అది పాడైందని గుర్తించగలుగుతారు.
• ఏ బండికి ఇంటి దగ్గర మార్చవచ్చో, దేనికి మార్చకూడదో చెప్పగలుగుతారు.

1. షాకబ్జారు ఏమి చేస్తుంది?

లారీ బరువును షాకబ్జారు మోస్తుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. బరువును మోసేవి కమాన్ కట్టలు. మీరు జట్కా బండిని చూసి ఉంటే దాని కింద కూడా కమాన్లను గమనించి ఉంటారు. గుంతలో పడినప్పుడు కమాను వంగి, తిరిగి లేస్తుంది. లేచినది వెంటనే ఆగదు, పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఆపడమే షాకబ్జారు పని.

హోలీనాటి పిచికారీని గుర్తు తెచ్చుకోండి. మెల్లగా నొక్కితే నీరు సులభంగా వస్తుంది. గట్టిగా, వేగంగా నొక్కితే చేతికి ఎదురు తన్నుతుంది. షాకబ్జారు గొట్టంలో నీటికి బదులు నూనె ఉంటుంది. కడ్డీకి ఉన్న పిస్టన్ కదిలినప్పుడు నూనె సన్నని రంధ్రాల గుండా పోవాలి. అందువల్ల ఊపు తగ్గుతుంది, ఆ శక్తి వేడిగా మారుతుంది.

షాకబ్జారు పాడైతే చక్రం నేలను విడిచి ఎగురుతుంది. నేలను తాకని చక్రానికి బ్రేకు పట్టు ఉండదు, స్టీరింగు మాట వినదు. కాబట్టి ఇది కుదుపుల సమస్య మాత్రమే కాదు, ప్రాణాలకు సంబంధించిన విషయం.

2. పాడైందని ఎలా తెలుస్తుంది?

గొట్టం మీద నూనె కారి, దుమ్ము పట్టి ఉందేమో చూడండి. రబ్బరు బుష్‌లు పగిలాయేమో చూడండి. టైరు అంచు అక్కడక్కడ గుంటలుగా అరిగితే అనుమానించండి. మరొక పరీక్ష కూడా ఉంది. గతుకుల దారిలో కొంతసేపు నడిపి, ఆపిన వెంటనే రెండు వైపుల షాకబ్జార్లను జాగ్రత్తగా తాకండి. ఒకటి వెచ్చగా ఉండి మరొకటి చల్లగా ఉంటే, చల్లగా ఉన్నది పని చేయడం లేదని అర్థం. తాకేటప్పుడు పొగ గొట్టానికి చేయి తగలనీయకండి.

3. ఏ బండికి చేయవచ్చు?

కమాన్ కట్టలున్న లారీలో షాకబ్జారు విడిగా ఉంటుంది. దాన్ని తీసినా కమాను తన చోటే ఉంటుంది. ఈ పని ఇంటి దగ్గర చేసుకోవచ్చు. చాలా కార్లలో మాత్రం చుట్ట స్ప్రింగు మధ్యలోనే షాకబ్జారు బిగించి ఉంటుంది. దాని పై నట్టు విప్పితే అణిగి ఉన్న స్ప్రింగు ఎగిరి మనిషిని చంపగలదు. అలాంటి దాన్ని తగిన పరికరాలున్న మెకానిక్ దగ్గరకే తీసుకువెళ్ళండి.

4. మార్చే పద్ధతి

షాకబ్జార్లను ఎప్పుడూ జతగా కొనండి. ఢిల్లీలో కాశ్మీరీ గేటు, విజయవాడలో ఆటోనగర్ విడిభాగాలకు పేరున్న చోట్లు. మీ బండి మోడలు చెప్పి, పాత దాని పొడవుతో సరిచూసి తీసుకోండి.

(అ) సరుకు దించి, బండిని చదునైన గట్టి నేల మీద నిలపండి. ఇరుకు సందులో ఈ పని వద్దు. పక్కనుంచి వెళ్ళే వాహనం తగిలితే బండి కదలవచ్చు.

(ఆ) హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచండి. వెనుక చక్రాలకు ముందూ వెనకా అడ్డుచెక్కలు పెట్టండి.

(ఇ) చక్రం నట్లను కొంచెం వదులు చేసి, జాకీతో ఎత్తండి. ముందు ఇరుసు కింద రెండు వైపులా బండి బరువుకు తగిన స్టాండ్లు పెట్టి, బరువును వాటి మీదకు దించండి. అప్పుడు కమాను మీద బరువు అలాగే ఉంటుంది, ఇరుసు జారదు. తర్వాత చక్రం తీయండి.

హెచ్చరిక: జాకీ ఎత్తడానికే గాని, నిలపడానికి కాదు. జాకీ మీద మాత్రమే ఉన్న బండి కిందికి చేయి కూడా పెట్టకండి. ఇటుకలు స్టాండ్లు కావు. అవి హఠాత్తుగా పగులుతాయి.

(ఈ) నట్లకు తుప్పు వదిలించే నూనె పట్టించి కొంతసేపు ఆగండి. రింగు పానాతో కింది నట్టు, తర్వాత పై నట్టు విప్పండి. ఒక వైపు పూర్తి చేశాకే రెండో వైపుకు వెళ్ళండి. వాషర్లు, బుష్‌ల వరుస మరచిపోతే రెండో వైపు చూసి సరిచేసుకోవచ్చు.

(ఉ) కొత్త షాకబ్జారును నిలువుగా పట్టుకుని నాలుగైదు సార్లు పూర్తిగా నొక్కి లాగండి. లోపలి గాలి పోతుంది. ఆ తర్వాత రెండు కొనలూ అమర్చి, బండి సర్వీసు పుస్తకంలో చెప్పినంత బిగించండి.

(ఊ) చక్రం ఎక్కించి, బండి దించి, చక్రం నట్లను ఎదురెదురుగా బిగించండి. 50 కిలోమీటర్లు నడిపాక అన్ని నట్లనూ మళ్ళీ చూడండి.

పాత షాకబ్జారును కోయకండి, మంటలో వేయకండి. లోపలి నూనె, వాయువు ప్రమాదం. పాత ఇనుము కొనేవారికి ఇచ్చి ఆ సంగతి చెప్పండి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. లారీ బరువును మోసేది ఏది?
2. గతుకుల దారిలో నడిచాక మంచి షాకబ్జారు ఎందుకు వెచ్చబడుతుంది?
3. స్టాండ్లను ఇరుసు కింద ఎందుకు పెట్టాలి?

జవాబులు: 1. కమాన్ కట్ట. 2. ఊపులోని శక్తి నూనెలో వేడిగా మారడం వల్ల. 3. కమాను మీద బరువు అలాగే ఉండి, ఇరుసు జారకుండా ఉండటానికి.