అమెరికాలో డీజిల్ కార్లు ఎందుకు కనిపించవు? అసలు కారణాలు ఇవే

మన దగ్గర కారు కొనాలంటే చాలా ఏళ్లు మొదటి ప్రశ్న "పెట్రోలా, డీజిలా?" అనే. అమెరికాలో ఆ ప్రశ్నే దాదాపు రాదు. అక్కడ డీజిల్ అంటే లారీలు, పెద్ద పికప్ ట్రక్కులే. ఎందుకో చూద్దాం.

1. పంపు దగ్గర లాభం లేదు

యూరప్‌లో చాలా దేశాలు డీజిల్‌పై పన్ను తక్కువ వేశాయి, అందుకే జనం అటు వెళ్లారు. అమెరికాలో రివర్స్. ఫెడరల్ పన్ను గ్యాలన్ పెట్రోల్‌కి 18.4 సెంట్లు, డీజిల్‌కి 24.4 సెంట్లు. మైలేజ్‌లో మిగిలింది కాస్తా బిల్లులో పోతుంది.

2. మొదట్లోనే చెడ్డపేరు

1973 ఆయిల్ సంక్షోభం తర్వాత జనరల్ మోటార్స్ 1978 మోడళ్లలో ఓల్డ్స్‌మొబైల్ 5.7 లీటర్ల డీజిల్ ఇంజిన్ తెచ్చింది. డీజిల్ కంప్రెషన్‌కి బలమైన హెడ్ బోల్టులు కావాలి. ఇందులో మాత్రం పెట్రోల్ ఇంజిన్ తరహా బోల్టులే ఉంచారు. అవి సాగిపోయి హెడ్ గ్యాస్కెట్లు పోయాయి. 1985కల్లా ఆ ఇంజిన్ ఆగిపోయింది కానీ, "డీజిల్ అంటే తలనొప్పి" అన్న మాట మిగిలిపోయింది.

3. కఠినమైన పొగ రూల్స్

2000ల నాటి టియర్ 2 రూల్స్‌లో పెట్రోల్, డీజిల్ రెండింటికీ ఒకే లిమిట్. నైట్రోజన్ ఆక్సైడ్లు కంపెనీ కార్ల సగటున మైలుకి 0.07 గ్రాములు దాటకూడదు. అంటే కిలోమీటరుకి సుమారు 0.04 గ్రాములు. అదే యూరో 5లో డీజిల్ కారుకి 0.18 గ్రాముల వరకు ఓకే. ఈ లిమిట్ అందుకోవాలంటే ఖరీదైన ఫిల్టర్లు, చాలా కార్లలో యూరియా ట్యాంక్ కూడా పెట్టాలి. కారు రేటు పెరుగుతుంది.

4. చివరి దెబ్బ: డీజిల్‌గేట్

"క్లీన్ డీజిల్" అంటూ ఫోక్స్‌వ్యాగన్ మార్కెట్‌ని మళ్లీ లేపింది. కానీ టెస్టు జరుగుతోందని పసిగట్టి, అప్పుడు మాత్రమే పొగ తగ్గించే సాఫ్ట్‌వేర్ పెట్టిందని 2015 సెప్టెంబర్‌లో బయటపడింది. రోడ్డు మీద కొన్ని కార్లు లిమిట్‌కి 40 రెట్ల వరకు వదిలాయి. ఆ తర్వాత కంపెనీ అక్కడ డీజిల్ కార్లు అమ్మడమే మానేసింది.

అక్కడ ఉన్నవాళ్లు సెకండ్ హ్యాండ్ డీజిల్ కొనొచ్చా?

రోజూ హైవే మీద దూరం వెళ్తే ఆలోచించొచ్చు. సిటీలో చిన్న ట్రిప్పులకైతే వద్దు. ఫిల్టర్‌లోని మసి కాలాలంటే ఎక్కువ వేడి కావాలి, లేకపోతే అది మూసుకుపోతుంది, రిపేర్ ఖర్చు గట్టిగానే ఉంటుంది. ఇంకోటి, పంపు దగ్గర హ్యాండిల్ రంగు చూసి నమ్మొద్దు, లేబుల్ చదివాకే కొట్టించండి.