పాత పద్దులలో రైలు ప్రయాణాలు: చదివే తీరు

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల తెలుగు ఇళ్ళలో తాతల నాటి పద్దు పుస్తకం చేతికి వస్తే, కన్నడ బడిలో చదువుకొన్న మనుమలు దానిని రెండు పుటలు తిప్పి పక్కన పెట్టేస్తారు. అందులోని భాష ఇంట్లో మాట్లాడే తెలుగే. కొన్నిచోట్ల లిపి కన్నడమైనా పైకి చదివితే తెలుగే వినిపిస్తుంది. చిక్కు తెచ్చేవి మూడు: పొడి అక్షరాలు, సంవత్సరాల పేర్లు, గీతలతో వేసిన డబ్బు లెక్క. రైలు ప్రయాణాల పద్దులతో మొదలుపెడితే ఈ మూడూ తొందరగా పట్టుబడతాయి. రైలు దారి మనకు తెలిసినదే కనుక చదివినదానిని దానితో సరిచూసుకోవచ్చు.

మాదిరికి ఇటువంటి పంక్తి ఒకటి కల్పించుకొందాం:

విభవ కా. శు. 5 స్థి. చిం. – బౌ. ౻౼

మొదట కాలం. “విభవ” అరవై సంవత్సరాల చక్రంలో రెండవది. అది 1928–29లోనూ వచ్చింది, 1988–89లోనూ వచ్చింది. “కా. శు. 5” అంటే కార్తీక శుద్ధ పంచమి; బహుళ పక్షమైతే “బ.” అని ఉంటుంది. “స్థి.” అంటే స్థిరవారం, అనగా శనివారం. ఇదే రీతిలో భానువారం ఆదివారం, ఇందువారం సోమవారం, సౌమ్యవారం బుధవారం, భృగువారం శుక్రవారం. 1928లో ఆ పంచమి నవంబరు 17, శనివారం. 1988లో నవంబరు 14, సోమవారం. కాబట్టి ఇది 1928 నాటి పద్దు. వారాన్ని చూడకుండా వదిలేస్తే ముత్తాత చేసిన ప్రయాణం మనుమడి పేర పడుతుంది.

ఇక డబ్బు. పాత తెలుగు లెక్కలో నిలువుగీత పావు, అడ్డగీత వీసం, అంటే పదహారవ వంతు. రూపాయికి పదహారు అణాలు గనుక నిలువుగీత పావలా, అడ్డగీత అణా. మూడు నిలువు, ఒక అడ్డం కలిస్తే పదమూడణాలు. అంకెలతో రాసినచోట “1–13–6” అంటే రూపాయి పదమూడణాల ఆరు పైసలు. అణాల గడిలో 15కు మించి, పైసల గడిలో 11కు మించి రాదు. మించితే అది డబ్బు కాదు, రైలు వేళో మరొకటో కావచ్చు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. అణాల లెక్క కనిపిస్తే 1988 కాదనడానికి అది రెండవ సాక్ష్యం.

చివరగా ఊళ్ళు. “చిం.” చింతామణి, “బౌ.” బౌరింగుపేట. మైసూరు కమిషనరుగా ఉన్న బౌరింగు పేర వెలసిన ఆ ఊరే నేటి బంగారపేట. దాని రైల్వే సంకేతం బి.డబ్ల్యు.టి.లో పాత పేరు ఇప్పటికీ మిగిలి ఉంది. యలహంక నుంచి దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం, చింతామణి, శ్రీనివాసపురం, కోలారుల మీదుగా బౌరింగుపేటకు రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల చిన్నరైలు నడిచేది. బౌరింగుపేటలో దిగితే మద్రాసు పెద్దరైలు, కోలారు బంగారు గనుల రైలు అందేవి. అందుచేత “బౌ.” తరువాత పంక్తిని తప్పక చూడాలి. మనిషి పనికోసం గనులకు వెళ్ళాడా, మరో దారి పట్టాడా అన్నది అక్కడ తేలవచ్చు. కోలారు–చిక్కబళ్ళాపురం మధ్య పెద్దపట్టాల రైలు 2013లో వచ్చింది.

రెండు జాగ్రత్తలు. తెలుగువారి నోట చిక్కబళ్ళాపురం చిన్నబళ్ళాపురం, దొడ్డబళ్ళాపురం పెద్దబళ్ళాపురం. “చి.బ.” చిన్నరైలు దారిలోది; “పె.బ.” గుంతకల్లు దారిలోది. “బళ్ళా.” అని మాత్రమే ఉంటే ముందు వెనుక ఊళ్ళను బట్టి తేల్చుకోవాలి. ఇక బాగేపల్లికి నేటికీ రైలు లేదు. “బాగే. – చి.బ.” అని ఉంటే అది బండి కూలి లేదా బస్సు ఛార్జీ, దానిని రైలు టికెట్టులో కలపరాదు.

పద్దును ఉన్నది ఉన్నట్టుగా, గీతలతో సహా, ముందు ఒక కాగితం మీద ఎత్తి రాసుకోండి. మీ అర్థాన్ని దాని కింద వేరుగా రాయండి. తరువాత ఇంట్లో పెద్దవారికి చదివి వినిపించండి. పొడి అక్షరంలో దాగిన ఊరు మీరు రైలు పటంలో చూసి పట్టవచ్చు. మనిషి పేరైతే వారే చెప్పాలి. ఈ పని వారుండగానే జరగాలి.