చిట్టి పుస్తకం బరువెంత?

ఒకటో తరగతి పిల్లలకు కథ చెప్పడం వచ్చు; రాయడం ఇంకా రాదు. మరి వాళ్లచేత పుస్తకం చేయించడమెలా? 2011లో వచ్చిన ‘బుక్ క్రియేటర్’ వంటి యాప్‌లలో బొమ్మ గీసి, పక్కనే తమ గొంతు రికార్డు చేయవచ్చు. బడిలో ఒక్క టాబ్లెట్ ఉన్నా, వంతులవారీగా పని జరుగుతుంది.

ఆ పుస్తకాన్ని ‘ఈపబ్’ రూపంలో దాచవచ్చు. నిజానికి అదొక మూట. రాత, బొమ్మలు, గొంతు అందులో వేర్వేరు ఫైళ్లుగా ఉంటాయి.

‘అమ్మ’ అని టైపు చేశారనుకోండి. అ, మ, పొల్లు, మళ్లీ మ – మొత్తం 4 సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు, వెరసి 12. అదే మాటను పలికితే? ధ్వని తరంగాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతకు 2 బైట్లు వాడితే, ఒక్క సెకనుకే 88,200 బైట్లు! కుదించి దాస్తే ఇది బాగా తగ్గుతుందనుకోండి. అయినా అక్షరాలకంటె ఎన్నో రెట్లు ఎక్కువే.

పుస్తకం బరువెక్కిందని కొందరు గొంతు తీసేసి అక్షరాలే ఉంచుతారు. అది నాకు నచ్చదు. రాయడం రాని పిల్లకు ఆ గొంతే కథ కదా! తగ్గించవలసింది కెమెరా తీసిన పెద్ద పెద్ద ఫొటోలను. పొడవు, వెడల్పు సగం చేయండి. చుక్కలు నాలుగో వంతే మిగులుతాయి. చిన్న తెరమీద ఆ తేడా అంతగా తెలియదు.